బియ్యం మిల్లులో అన్నం నిషేధం

మొన్నొక పెళ్ళి భోజనంలో నా పక్కన కూర్చున్న కుర్రాడు విస్తట్లో అన్నం పడగానే, పాము పడ్డట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కార్బ్స్ అండి" అని నాకు వివరం కూడా చెప్పాడు. ఆ తర్వాత రెండు రకాల స్వీట్లూ, ఒక ఐస్‌క్రీమూ తిని తృప్తిగా లేచాడు. రిటైరైనవాడు పెళ్ళి పంక్తిలో సలహాలిస్తే ఎంత మర్యాద జరుగుతుందో నాకు తెలుసు. కానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, ఫోను ఏం తినమంటే అది తిని, ఏం మానమంటే అది మానేస్తున్న మీలాంటి పిల్లలకి మా మిల్లులో అన్నం నిషేధించిన సంగతి చెప్పాలనిపించింది. మా మిల్లంటే నూలు మిల్లు కాదు, బియ్యం మిల్లే.

మండపేట పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో గుమస్తాగా చేరి మేనేజరుగా బయటికొచ్చాను. మేనేజరంటే పెద్ద పదవనుకునేరు. యజమాని కోపాన్ని కాస్త చల్లార్చి కూలీలకీ, కూలీల కోపాన్ని కాస్త తీపి కలిపి యజమానికీ చేరవేసేవాణ్ణి మేనేజరంటారు. జీవితమంతా నేను చేసిందదే.

లారీలకి బస్తాలెత్తే జట్టుని మా వైపు ముఠా అంటారు. తెల్లవారుతూనే వాళ్ళ పని మొదలవుతుంది. ఎండ ముదరకముందే ఒక లారీ నింపి కిందికి దిగితే, మిల్లు వెనక రేకుల షెడ్డులో వాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళం. మా యజమానిగారి తండ్రి, అంటే పెద్దయ్యగారు, పెట్టిన ఆనవాయితీ అది. ముఠావాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఆ వేళకి కోతలకో, కళ్ళాల్లోకో వెళ్ళిపోతారు కాబట్టి ఆ పూట తిండి మిల్లుదే.

వండి పెట్టడానికి ఒకావిడ ఉండేది. ముఠా మొత్తం ఆవిణ్ణి అక్కాయ్ అని పిలిచేవారు. ఆవిడకి పోషకాహారం గురించి ఒక్క ముక్క తెలియదు. గోదావరి లంకల్లోంచి ఆ నెల ఏ కూర గంపలకొద్దీ దిగితే ఆ కూర వండేది, అంతే. ఎండాకాలమంతా తరవాణి. రాత్రి అన్నంలో గంజి పోసి, దబ్బాకులు వేసి, కుండలో పులవబెట్టి పొద్దున్నే వడ్డించేది. పక్కన ఉల్లిపాయ, ఊరమిరపకాయ, మాగాయ ముక్క. ఆషాఢం వస్తే మునగాకు తెలగపిండి కూర. వానలు ముదిరితే వేడన్నం, ఉలవచారు. కార్తీకంలో కందా బచ్చలీ. చలికాలంలో చిక్కుడుకాయ, వంకాయ, అన్నంలోకి నువ్వులపొడి. షెడ్డులోంచి వచ్చే వాసనని బట్టి ఇవాళ ఏ నెలో చెప్పేవాణ్ణి నేను. ఆ అన్నం తిన్నవాడు మధ్యాహ్నం దాకా డొక్క ఎండకుండా పనిచేసేవాడు.

ఇక మా యజమానిగారు. మంచి మనిషి, ముందే చెప్తున్నాను. ఉదయం కారు దిగి ఏసీ గదిలోకి, సాయంత్రం ఏసీ గదిలోంచి కారులోకి. మధ్యలో ఇంటినుంచి మూడు గిన్నెల క్యారియరు. యాభై దాటేసరికి సుగరు పలకరించింది. రాజమండ్రిలో డాక్టరుగారు చక్కటి మాటే చెప్పారట. అన్నం సగానికి తగ్గించండి, ఆకుకూర రెట్టింపు చెయ్యండి, ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో తినండి, రోజూ కాస్త నడవండి అని. ఇందులో వంక పెట్టడానికేముంది? కానీ మా యజమానిగారికి సగం పనులు నచ్చవు. అన్నం పూర్తిగా మానేశారు. చిక్కారు. చొక్కాలు వదులయ్యాయి. నలుగురూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, జీతం ఇచ్చేది ఆయన కదా.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. మనకి సుగరొస్తే మనం మాత్రలేసుకుంటాం. యజమానికొస్తే ఆర్డరేస్తాడు. తను మానేసిన అన్నం ఇంకెవరైనా తింటుంటే ఆయన చూడలేకపోయారు. ముందు ఇంట్లో మాన్పించబోయారు. అమ్మగారు గరిటె చూపించారు. దాంతో ఆ ఉత్సాహమంతా మిల్లు మీదికి మళ్ళింది.

రెండో పంట దాళ్వా ధాన్యం మిల్లుకి దిగే రోజుల్లో, నిప్పులు చెరిగే ఎండల్లో, ఆయన ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. డైట్ కోచ్ అని పరిచయం చేశారు. పీలగా, శుభ్రంగా, మర్యాదగా ఉన్న పిల్లాడు. ప్రతివాళ్ళనీ సర్ అనేవాడు, బాయిలరు దగ్గర ఊకెత్తేవాణ్ణి కూడా. ముఠా మొత్తాన్ని షెడ్డులో కూర్చోబెట్టి, తెల్లన్నం తెల్ల విషం సర్ అని మొదలుపెట్టాడు. వెనక బియ్యం బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. ఆ విషాన్ని లారీలకెత్తి దేశం మీదికి పంపేది తామేనని ముఠాకి అప్పుడే తెలిసింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

తర్వాత గోడకి ఒక రంగుల పటం తగిలించాడు. ఏ రుతువులో ఏం తినాలో బొమ్మలతో సహా ఉంది. స్ట్రాబెర్రీలు, అవకాడోలు, కివీలు. ఒక గడిలో మంచు కూడా కురుస్తోంది. అక్కాయ్ దాన్ని కిందికీ మీదికీ చూసి, ఇందులో వానాకాలం ఎక్కడుంది బాబూ అని అడిగింది. లేదు. గోదావరి జిల్లాలో ఉన్నవాళ్ళకి ఏ కాలంలో ఏం తినాలో చెప్పే పటంలో వానాకాలమే లేదు. అప్డేట్ చేస్తాను మేడమ్ అన్నాడు పిల్లాడు, ఏమాత్రం తడబడకుండా. ఆ క్షణంలో మిల్లు గేటు బయట బండి మీద ముంజలు అమ్ముతున్నారు, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

మర్నాటినుంచి తరవాణి కుండ బోర్లించేశారు. ఓట్సు, పాలలో నానేసిన ఏవో నల్లటి గింజలు, నాలుగు కీరా చక్రాలు. తాగడానికి పుదీనా వేసిన నీళ్ళు. అక్కాయ్ వడ్డించడానికి అరనిమిషం పట్టలేదు, వాళ్ళు తినడానికి అదీ పట్టలేదు. తిన్నాక ఎవరూ లేవలేదు. ఇంకా ఏదో వస్తుందని కూర్చున్నారు పాపం.

వారం తిరక్కుండానే తేడా కనబడింది. ఎండ ముదరకముందే నిండే లారీ మిట్టమధ్యాహ్నానికి కూడా నిండటం లేదు. కొందరు ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం డబ్బాల్లో తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇది కోచ్ కంటబడింది. బయటి తిండి వస్తే ఫలితాలు రావు సర్ అన్నాడు. యజమానిగారు వెంటనే వాచ్‌మన్‌ని పిలిచి, లోపలికొచ్చే ప్రతి సంచీ విప్పించి చూడమన్నారు. నా ఉద్యోగంలో మిల్లు గేటు దగ్గర సోదాలు చాలా చూశాను. బయటికి పోయేవాడి సంచీలో బియ్యం ఉన్నాయేమోనని వెతికేవారు. లోపలికొచ్చేవాడి సంచీలో అన్నం ఉందేమోనని వెతకడం అప్పుడే చూశాను. ఒకడి దగ్గర పులిహోర దొరికింది. దొంగసారా పట్టుకున్నట్టు వాచ్‌మన్ దాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేనేం చెయ్యను? మిల్లు వెనక గోడ మీదుగా ఆ డబ్బా మళ్ళీ వాడికే అందించాను.

ఆ గురువారం ముఠాలో కాస్త వయసు మళ్ళినవాడొకడు లారీకి వేసిన బల్ల మీద బస్తాతో సహా జారాడు. బస్తా పక్కకి పడింది కాబట్టి మనిషి బతికాడు. కాలు మడత పడి వాచింది. కళ్ళు తిరిగాయండి, బల్ల కనపళ్ళేదు అని మాత్రం అన్నాడు. పడుకోబెట్టి గాలి విసిరాను. ఆ బస్తా మెడ మీద పడి ఉంటే వాడి పెళ్ళాంబిడ్డలకి నేనేం చెప్పేవాణ్ణి?

ముఠా మేస్త్రి నా గదికొచ్చాడు. మేస్త్రి అంటే ఆ జట్టుకి పెద్ద, వాళ్ళందరి తరఫునా మాట్లాడేవాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆవేళా పెంచలేదు.

"మాకు తిండి మార్చేశారండి. మారుత్తారు, మీ ఇష్టం. మా ఆకలి ఎవరు మారుత్తారండీ? శనోరం దాకా చూత్తాం. సోమోరం నుంచి పక్క మిల్లుకి పోతామండి, ఏవనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాను? దాళ్వా అదునులో ముఠా కదిలిపోతే మిల్లుకి తాళం పెట్టుకోవాల్సిందే. అంతమంది ఒక్కసారిగా ఇంకెక్కడికో పోతే అందరికీ పని దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. ముందు ఖాళీ అయ్యేది ఆ కాలు వాచినవాడే. నేను వెళ్ళి యజమానిగారికి మొత్తం చెప్పాను, ఈసారి తీపి కలపకుండానే చెప్పాను. ఆయన కోచ్ వైపు చూశారు. కళ్ళు తిరగడం మంచి లక్షణమేనట. ఒంట్లో పేరుకున్న విషాలు బయటికి పోతున్నాయట. బల్ల మీదనుంచి మనిషి కూడా పోయేవాడు కదయ్యా అన్నాను. ఆ మాటకి మా యజమానిగారు ముఖం చిట్లించి, మీరు పాతకాలం మనిషండీ అని ఊరుకున్నారు.

శనివారం కేరళ షావుకారు వచ్చాడు. మేము ఆడించే బొండాలనే లావు ఉప్పుడు బియ్యంలో పెద్ద వంతు ఆయనే కొంటాడు. పెద్దయ్యగారి నాటినుంచీ వస్తున్నాడు కాబట్టి తెలుగు కాస్త తడుముకున్నా బాగానే మాట్లాడతాడు. ఆయన ఆర్డరివ్వకపోతే గోడౌన్లో సరుకు వానల్లోకి వెళ్తుంది. వానల్లోకి వెళ్ళిన ఉప్పుడు బియ్యం గతేమిటో మిల్లులో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్ళకి చెప్పినా ముక్కు మూసుకుంటారు.

ఆయన వచ్చిన రోజున మా మిల్లులో ఒక పద్ధతుంది. గోడౌన్లో ఆయన వేలు పెట్టి చూపించిన బస్తా విప్పి, ఆ బియ్యాన్ని ముఠా అంతటికీ సరిపడా వండుతాం. షెడ్డులోనే ఆకులు వేసి ముందు షావుకారూ, యజమానీ ఎదురెదురుగా కూర్చుని తింటారు. యజమాని మొదటి ముద్ద తినాలి, షావుకారు రెండోది. ఆ తర్వాత ముఠా కూర్చుంటుంది. బేరం మాటలు చేతులు కడుక్కున్నాకే. తను తినలేనిది ఇంకొకరికి అమ్మకూడదని పెద్దయ్యగారు పెట్టిన పద్ధతట అది. ఏటా జరిగేదే కాబట్టి, ఈ ఏడు మా యజమానిగారు అన్నం తినరన్న సంగతి అక్కాయ్ గంజి వార్చేదాకా నాకు తట్టనేలేదు. ఆయనకి తట్టిందో లేదో తెలియదు.

ఆకులు వేశారు. పొగలు కక్కుతూ అన్నం, మామిడికాయ పప్పు, కొత్తావకాయ. షావుకారు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. యజమానిగారు నిలబడే ఉన్నారు. నేను మానేశానండి అని నవ్వుతూ మొదలుపెట్టి, తెల్ల విషం సంగతీ, తన చొక్కాల సంగతీ చెప్పుకొచ్చారు. అంతటితో ఆగారా? మా కూలీలకి కూడా మాన్పించేశాను, ఎంత చురుగ్గా ఉన్నారో చూడండి అని ముఠాని చూపించారు. కాలు వాచినవాడు గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు. కోచ్ ఇదంతా ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

షావుకారు ఆకు మీద పెట్టబోయిన చెయ్యి తీసేశాడు.

"మీకు విషం, మీ మనుషులకి విషం. మరి మా ఊరివాళ్ళకి ఎలా అమ్మాలండీ నేను?"

ఏసీ లేని ఆ షెడ్డులో మా యజమానిగారికి అప్పుడు పట్టింది చెమట. అబ్బే, అది కాదండి, మా మేనేజరుగారు తింటారు అని నన్ను ముందుకి తోశారు. అమ్మేది ఆయన కాదు కదండీ అన్నాడు షావుకారు. అయితే వీళ్ళంతా తింటారు చూడండి అని ముఠాని పిలిచి, వరసగా ఆకులు వేయించారు. వడ్డించండి, వడ్డించండి అని తనే అరిచారు. ఇన్ని రోజులుగా గేటు దగ్గర ఎవణ్ణి తిననివ్వలేదో వాడికి, అదే మనిషి, అదే షెడ్డులో, దగ్గరుండి అన్నం వడ్డింపిస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముఠా కూర్చుంది. అన్నం పడింది. పప్పు పడింది. ఆవకాయ పడింది. ఒక్క చెయ్యీ కదల్లేదు.

వాళ్ళు పొద్దుటినుంచి ఏమీ తినలేదని నాకు తెలుసు. ఆ వాసనకి నాకే నోరూరుతోంది, వాళ్ళ సంగతి చెప్పాలా? ఒకడు గుటక వెయ్యడం నాకు స్పష్టంగా కనిపించింది. అయినా అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని మేస్త్రినే చూస్తున్నారు. మేస్త్రి యజమానిగారిని చూస్తున్నాడు.

"విషవని తవరే అన్నారు కదండీ బాబుగారూ. తవరు ముద్ద ముట్టుకుంటే మేం తింటాం. నేపోతే ఇలాగే లేచిపోతామండి."

యజమానిగారు కోచ్ వైపు చూశారు. ఆ పిల్లాడు ఫోను దించి, ఒక ముద్దలో ఎంతుంటుందో చూస్తాను సర్ అని దానిలోనే వెతకడం మొదలుపెట్టాడు. అది తేలేదాకా ఆగితే షావుకారూ పోతాడు, ముఠా కూడా పోతుంది. మా యజమానిగారు ఇంక ఎవరినీ చూడలేదు. పంచె సర్దుకుని షావుకారుకి ఎదురుగా కింద కూర్చున్నారు. ఆయన నేల మీద కూర్చోవడం తండ్రి పోయాక అదే మొదటిసారి అనుకుంటాను, మోకాళ్ళు మడవడానికి కాస్త అవస్థ పడ్డారు.

పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఏమీ కాలేదు. మిల్లు కూలిపోలేదు, మనిషి కూలిపోలేదు. షావుకారు తన ముద్ద తిన్నాడు. మేస్త్రి తలూపాడు. అప్పుడు చూడాలి ఆ వరసని. మాటా మంతీ లేదు, తలలు దించి తిన్నారు. కాలు వాచినవాడి ఆకులో అక్కాయ్ అడక్కుండానే రెండోసారి వడ్డించింది. నేను వరస చివర కూర్చుని ఆవకాయ కలుపుకుంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కారం వల్ల మాత్రం కాదు.

ఆ మధ్యాహ్నమే ఆర్డరు ఖాయమైంది. సోమవారం షెడ్డులో తరవాణి కుండ మళ్ళీ లేచింది, గోడ మీదనుంచి పటం దిగింది. ఆ కోచ్ పిల్లాడి మీద నాకేం కోపం లేదు. రాజమండ్రిలో కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్ళకి బాగానే ఉపయోగపడుతున్నాడని తర్వాత విన్నాను. యజమానిగారు తర్వాత నిజంగానే డాక్టరు చెప్పినట్టు పూటకో గరిటె అన్నం, కాలాన్నిబట్టి ఆకుకూర తింటూ కులాసాగా ఉన్నారు. ఇదంతా ఎందుకు ముందే చెప్పేస్తున్నానంటే, నాకు గుర్తుండిపోయింది ఇది కాదు. ఆ పంక్తిలోనే, అందరూ తింటుండగా జరిగింది ఇంకొకటుంది.

మొదటి ముద్ద తర్వాత యజమానిగారు ఆగలేదు. ఆకులో ఉన్నదంతా తిన్నారు. ఎన్ని నెలల ఆకలో మరి, ఆవకాయ వేసుకుని వేళ్ళు కూడా నాకారు. తర్వాత ఆకు కాస్త ముందుకి జరిపి, అక్కాయ్, ఇంకో రెండు గరిటెలు అన్నారు. అక్కాయ్ అన్నం గిన్నె ఎత్తింది. పక్క వరసలోంచి మేస్త్రి ఎడమ చెయ్యి చాపి, గిన్నె అంచు పట్టుకుని తన వైపు లాక్కున్నాడు.

"చాలండి బాబుగారూ. తవరు కూచునేవోరు, తవరికి అదే ఎక్కువ. ఇది మోసేవోళ్ళకండి."

ఇందాక తినకపోతే పోతామన్నవాడే ఇప్పుడు తినొద్దంటున్నాడు. యజమానిగారికి కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను. రాలేదు. ఆకు మడిచి, మోకాళ్ళ మీద చేతులూని, లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు.

నాకు లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బాగా చెప్పాడు, ఇన్నాళ్ళకి ఆయనకి బాగా అయింది అనుకుంటూ, గిన్నె మేస్త్రి చేతిలో ఉంది కదా అని, నా ఆకు అతని వైపు జరిపాను. అతను నా కేసి చూశాడు. నా పొట్ట కేసి చూశాడు.

"తవరు కూడానండి, మేనేజరుగారూ" అన్నాడు.

నేనూ ఆకు మడిచాను.